ఎముక గట్టిపడితే బలపడినట్టేనా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర ఒక పల్లె. మా మామగారికి అరవై దాటాయి. కొన్నేళ్లుగా మెడ తిప్పలేకపోతున్నారు, నడుము వంచలేకపోతున్నారు. ఒంగోలులో ఎక్స్‌రేలు తీయిస్తే, ఎముకలు మామూలు కంటే గట్టిపడ్డాయని, ఏళ్ల తరబడి తాగిన ఫ్లోరైడ్ నీళ్లే దానికి కారణమని డాక్టరుగారు చెప్పారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి అది విని, "ఎముకలు గట్టిగా ఉంటే మంచిదే కదా, మరి తాతయ్యకు జబ్బెందుకు వచ్చింది?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంట్లో వాళ్లేమో, ఎముకలు ఇంకా గట్టిపడిపోతాయన్న భయంతో మామగారికి పాలు, రాగిజావ మానిపించారు; మా అబ్బాయికీ, రెండో తరగతి చదివే పాపకూ కూడా తగ్గించమంటున్నారు. ఇది సరైనదేనా? ఎముకల గురించి మాకు అర్థమయ్యేలా వివరించండి.

సమాధానం: అమ్మా, ముందుగా మీరు వెంటనే చేయవలసిన పని చెబుతాను. మీ మామగారికి మూత్రపిండాల జబ్బు ఉండి, వైద్యులు ప్రత్యేకంగా వద్దని చెప్పి ఉంటే తప్ప, మానిపించిన పాలు, రాగిజావ ఈ రోజు నుంచే మళ్లీ ఇవ్వండి. పిల్లలకు ఒక్క పూట కూడా తగ్గించకండి. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఎముకలకు జరిగే నష్టం, ఆహారంలో కాల్షియం తక్కువైన ఇళ్లలోనే మరింత తీవ్రంగా కనిపిస్తుంది. మీ ఇంట్లో వారి భయం సహజమైనదే గాని, దాని వల్ల జరిగేది వారు కోరుకున్న దానికి సరిగ్గా వ్యతిరేకం. అలా ఎందుకవుతుందో తెలియాలంటే ఎముక నిర్మాణం, అది శరీరంలో చేసే పనులు కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మీ అబ్బాయి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడే హైడ్రాక్సీ ఎపటైట్ అనే అతి సూక్ష్మమైన స్ఫటికాల రూపంలో అది ఉంటుంది. మిగిలిన దానిలో చాలా భాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తుల పోగులు, కొంత నీరు. ఖనిజం ఎముకకు గట్టిదనాన్ని ఇస్తుంది, కొల్లాజెన్ పోగులు దెబ్బ తగిలినప్పుడు విరగకుండా తట్టుకునే గుణాన్ని ఇస్తాయి. ఈ రెండూ తగిన పాళ్లలో, తగిన అమరికలో ఉన్నప్పుడే ఎముకను బలమైనది అనగలం. మార్కాపురం పలకను గోటితో గీస్తే గీత పడనంత గట్టిది, అయినా చేయి జారి బండ మీద పడితే రెండు ముక్కలవుతుంది. గట్టిదనం, బలం ఒకటి కావని మీ అబ్బాయికి ఆ పలకను చూపించి చెప్పవచ్చు.

ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష కూడా ఒకటుంది. కోడి కాలి ఎముకను మాంసం లేకుండా శుభ్రం చేసి, గాజు సీసాలో వినిగర్ పోసి అందులో వారం రోజులు ఉంచమనండి, మధ్యలో ఒకటి రెండు సార్లు వినిగర్ మార్చమనండి. వినిగర్‌లోని ఆమ్లం ఖనిజాన్ని కరిగించివేయగా, ఆకారం చెడకుండానే ఎముక రబ్బరులాగా వంగుతుంది, ఎందుకంటే అప్పటికి అందులో మిగిలింది ప్రధానంగా కొల్లాజెన్ మాత్రమే. దీనికి వ్యతిరేకంగా, ఎముకను నిప్పుల్లో బాగా కాల్చితే కొల్లాజెన్ మాడిపోయి ఖనిజం మాత్రమే మిగులుతుంది, అది చూడటానికి ఎముకలాగే ఉన్నా వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. మొదటిది పిల్లలు నిశ్చింతగా చేయవచ్చు, రెండోది మాత్రం పెద్దవాళ్లు దగ్గరుండి చూపించవలసినది.

బడిలో తరగతి గది మూలన నిలబెట్టిన అస్థిపంజరం బొమ్మను చూసి చూసి, ఎముక అంటే ఎండిన కట్టె వంటి నిర్జీవ వస్తువు అన్న అభిప్రాయం మనలో చాలామందికి స్థిరపడిపోయింది. నిజానికి బతికి ఉన్న మనిషి ఎముకలో రక్తనాళాలు, నరాలు, ఎప్పుడూ పనిలో ఉండే కణాలు ఉంటాయి. వాటిలో ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాతబడిన, సన్నని పగుళ్లు వచ్చిన ఎముకను కొద్ది కొద్దిగా కరిగించి తొలగిస్తాయి. ఆ వెనుకనే ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు వచ్చి, ముందు కొల్లాజెన్ పోగులను పరచి, వాటి మీద ఖనిజం చేరేలా చేసి కొత్త ఎముకను కడతాయి. కట్టిన ఎముకలోనే చిక్కుకుని ఉండిపోయిన కణాలను ఆస్టియోసైట్లు అంటారు. ఏ చోట బరువు ఎక్కువ పడుతోందో, ఏ చోట మరమ్మతు అవసరమో గ్రహించి మిగతా కణాలకు తెలియజేసేవి అవే. ఈ విధంగా పెద్దవారి శరీరంలో ఏటా దాదాపు పదో వంతు ఎముక పాతది పోయి కొత్తదిగా మారుతుంది. మీ మామగారి వెన్నులో ఈ రోజు ఉన్న ఎముక, ఆయన యవ్వనంలో ఉన్న ఎముక కాదు. మధ్యలో ఆయన తాగిన నీళ్లు, తిన్న తిండి, చేసిన పని అన్నీ ఈ నిరంతర నిర్మాణంలో కలిసిపోయాయి.

ఎముకను అడ్డంగా కోసి చూస్తే రెండు రకాల నిర్మాణం కనిపిస్తుంది. పైన దట్టమైన పొర ఉంటుంది. దానిలో సన్నని గొట్టాల వంటి మార్గాలు, వాటి చుట్టూ వలయాలుగా పేర్చిన ఎముక పొరలు ఉంటాయి. క్లాప్టన్ హేవర్స్ అనే ఇంగ్లండు వైద్యుడు 1691లోనే ఈ మార్గాలను వర్ణించాడు, అందుకే వాటికి హేవర్షియన్ నాళాలన్న పేరు వచ్చింది. ఎముకకు రక్తం అందేది వాటి గుండానే. లోపల, ముఖ్యంగా పొడవైన ఎముకల చివర్లలోనూ వెన్నుపూసల్లోనూ, స్పంజి వంటి భాగం ఉంటుంది. దానిలోని సన్నని కమ్ములు ఎలా పడితే అలా ఉండవు. శరీరపు బరువు ఏ దిశలో పడుతుందో ఆ దిశను అనుసరించే అమరి ఉంటాయి. ఎముక తాను మోసే బరువుకు తగినట్లు తన నిర్మాణాన్ని మార్చుకుంటుందన్న సూత్రాన్ని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. నెలల తరబడి మంచం పట్టిన వారి ఎముకలు పలచబడటానికి, పొలం పని చేసేవారి ఎముకలు దిట్టంగా ఉండటానికి కారణం ఇదే. మీ మామగారిని, నొప్పి ఉంది కదా అని, రోజంతా పడుకోబెట్టకూడదని నేను చెప్పడానికి కారణమూ ఇదే.

పెద్దవారి అస్థిపంజరంలో 206 ఎముకలు ఉంటాయన్నది మీ అబ్బాయి పాఠంలో ఉంటుంది. పుట్టినప్పుడు ఆ సంఖ్య 270కి పైనే. పెరిగే కొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుని ఒకటే ఎముకగా మారతాయి. ఈ 206లో 80 శరీరపు నడిమి భాగానివి: పుర్రెలో 22, రెండు చెవుల్లోని చిన్న ఎముకలు 6, నాలుక మూలంలో ఉండే ఒక ఎముక, వెన్నెముకలో 26, పక్కటెముకలు 24, రొమ్ము ఎముక ఒకటి. చేతులు, కాళ్లు, వాటిని నడిమి భాగానికి కలిపే భుజాల ఎముకలు, తుంటి ఎముకలు కలిపి మిగిలిన 126. అన్నిటిలోకి పొడవైనది తొడ ఎముక, చిన్నది చెవి లోపలి స్టేపిస్, దాని పొడవు దాదాపు 3 మిల్లీమీటర్లు. సంఖ్యలు పరీక్ష కోసం గుర్తుంచుకుంటే చాలు. ఈ ఎముకలు ఏ పని కోసం ఆ ఆకారంలో ఉన్నాయో తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం. తన తాతగారికి ఏ పని ఎందుకు కష్టమవుతోందో చూస్తే అది తేలికగా తెలుస్తుందని అబ్బాయికి చెప్పండి.

మెడ నుంచి మొదలుపెడదాం. మెడలో ఏడు వెన్నుపూసలు ఉంటాయి. పుర్రెకూ మొదటి పూసకూ మధ్యనున్న కీలు వల్ల తలను ముందుకూ వెనక్కూ ఊపగలుగుతాం, మొదటి రెండు పూసల మధ్యనున్న కీలు వల్ల అటూ ఇటూ తిప్పగలుగుతాం. ఛాతీ వెనుక 12 పూసలు, వాటికి రెండు వైపులా పక్కటెముకలు, నడుములో 5 పెద్ద పూసలు, ఆ కింద ఐదు పూసలు అతుక్కుని ఏర్పడిన త్రికాస్థి, చివరన తోక ఎముక. త్రికాస్థికి పైన, మెడలోని మొదటి రెండు పూసల మధ్య తప్ప, ప్రతి రెండు పూసల మధ్యా మెత్తని డిస్కు ఉండి బరువును సర్దుతుంది. పూసను పూసతో కలిపి ఉంచేవి సంధిబంధనాలు. ఇవి ఎముకలు కావు, గట్టి పోగులతో నేసిన పట్టీల వంటివి. వంగినప్పుడు కావలసినంత మేర కదలనిచ్చి, ఆ హద్దు దాటకుండా పట్టి ఉంచడం వాటి పని. కండరాలు లాగుతాయి, ఎముకలు ఆ లాగుడును కదలికగా మారుస్తాయి, కీళ్ల చివర్లలోని మృదులాస్థి రాపిడిని తగ్గిస్తుంది, సంధిబంధనాలు అదుపు చేస్తాయి. ఈ నాలుగింటిలో ఏది చెడినా కదలిక చెడుతుంది.

ఫ్లోరైడ్ చేసే నష్టం ఈ సంధిబంధనాల్లోనూ బయటపడుతుంది. అవి క్రమంగా ఖనిజాన్ని చేర్చుకుని ఎముకలాగా మారతాయి. అప్పుడు విడివిడిగా కదలవలసిన పూసలు ఒకే కడ్డీగా బిగుసుకుంటాయి. మీ మామగారు పక్కకు చూడాలంటే మెడకు బదులు ఒళ్లంతా తిప్పుతున్నారంటే కారణం అదే. పక్కటెముకలు వెన్నుకు కలిసే కీళ్లు కూడా బిగుసుకుంటే ఊపిరి తీసినప్పుడు ఛాతీ సరిగా విప్పారదు, పొట్ట మాత్రమే కదులుతుంది. ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి, అరచేతిని పైకీ కిందికీ తిప్పినప్పుడు ఒకటి రెండోదాని మీదుగా తిరుగుతుంది. వాటి మధ్యనున్న పలుచని పొర గట్టిపడటం ఫ్లోరోసిస్‌లో, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బులో, ఎక్స్‌రే మీద తరచుగా కనిపించే గుర్తు. మీ మామగారి ముంజేతి ఎక్స్‌రే ఉంటే, ఆ పొర ఎలా ఉందో డాక్టరుగారిని అడిగి చూపించుకోండి.

అస్థిపంజరం చేసే మరో పెద్ద పని రక్షణ. పుర్రె మెదడును, పక్కటెముకల గూడు గుండెనూ ఊపిరితిత్తులనూ కాపాడతాయి. వెన్నుపూసల వెనుక భాగాల్లోని రంధ్రాలన్నీ ఒకదాని కింద ఒకటి చేరి ఒక కాలువలా ఏర్పడతాయి, వెన్నుపాము ఆ కాలువలో మెదడు నుంచి నడుము పై భాగం దాకా సాగుతుంది. కాళ్లూ చేతులకు వెళ్లే ఆజ్ఞలూ, అక్కడి నుంచి వచ్చే స్పర్శా ఆ దారినే నడవాలి. ఈ విషయం దగ్గర నేను ప్రత్యేకంగా ఆగుతున్నాను. ఫ్లోరోసిస్ ముదిరినప్పుడు ఆ కాలువ గోడలు దళసరి ఎక్కి, లోపలి సంధిబంధనాలు ఎముకగా మారి, కాలువ ఇరుకవుతుంది. అంటే రక్షించవలసిన ఎముకే వెన్నుపామును నొక్కుతుంది. మీ మామగారికి కాళ్లలో తిమ్మిరి, నడుస్తుంటే కాళ్లు తడబడటం, చేతిలోని గ్లాసు జారిపోవడం, మూత్రం మీద అదుపు తప్పడం వంటివి ఏవి కనిపించినా, అది వయసు వల్ల అనుకుని ఊరుకోకుండా, నరాల శస్త్రచికిత్స నిపుణులు ఉన్న ఆసుపత్రికి ఆలస్యం చేయకుండా తీసుకువెళ్లాలి. అలాగే బిగుసుకున్న మెడను ఎవరి చేతా బలంగా తిప్పించడం గాని, విరిపించడం గాని చేయకండి. ఇరుకైన కాలువలో ఉన్న వెన్నుపాముకు అది తీరని హాని చేయగలదు. ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

ఎముకల లోపల జరిగే మరో పని రక్తం తయారీ. పెద్దవారిలో రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటి ఎముకల్లోని ఎర్ర మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలను తయారుచేస్తుంది, తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ పుట్టేదీ అక్కడే. పొడవైన ఎముకల నడుమ ఉండే పసుపు మూలుగలో ఎక్కువగా కొవ్వు ఉంటుంది.

ఇక మీ పాలూ రాగిజావల ప్రశ్నకు అసలైన జవాబు దగ్గరికి వస్తున్నాను. మన శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, దంతాల్లో ఉంటుంది. పెద్దవారిలో అది ఒక కిలోకు పైనే. మిగిలిన ఆ ఒక్క శాతం మీద గుండె కొట్టుకోవడం, కండరాలు ముడుచుకోవడం, నరాల్లో సంకేతాలు సాగడం, గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడం ఆధారపడి ఉన్నాయి. అందువల్ల రక్తంలో కాల్షియాన్ని 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలిపి ఉంచడం శరీరానికి ప్రాణావసరం. తిండిలో కాల్షియం చాలనప్పుడు, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోనును ఎక్కువగా విడుదల చేసి, ఎముకను కరిగించి ఆ లోటు పూడుస్తాయి. కాబట్టి పాలు మానిపిస్తే ఎముక గట్టిపడటం ఆగదు. ఒక పక్క ఫ్లోరైడ్ ప్రేరణ వల్ల అవసరం లేని చోట్ల ఎముక పెరుగుతూనే ఉంటుంది, దానికి కావలసిన కాల్షియం కూడా ఇతర ఎముకల నుంచే పోతుంది. ఒకే మనిషిలో వెన్ను గట్టిపడటం, మిగతా ఎముకలు మెత్తబడటం రెండూ కనిపించడానికి ఇదే కారణం. ఇంకో ముఖ్యమైన సంగతి, భోజనంలో కాల్షియం తగినంత ఉంటే అది కడుపులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని, రక్తంలోకి పోకుండా మలంతో బయటికి పంపుతుంది. పాలు, రాగులు మీ మామగారికి శత్రువులు కావు, ఉన్న కొద్ది రక్షణల్లో ఒకటి.

ఫ్లోరైడ్ ఎముకలో చేసేది ఏమిటంటే, హైడ్రాక్సీ ఎపటైట్ స్ఫటికంలోని ఒక భాగాన్ని తొలగించి ఆ స్థానంలో తాను కూర్చుంటుంది. దానితో పాటు ఎముకను కట్టే కణాలను హద్దు మీరి పని చేయిస్తుంది. ఆ తొందరలో కట్టిన ఎముకలో పోగుల అమరిక క్రమం తప్పుతుంది, ఖనిజం కొన్నిచోట్ల ఎక్కువగా, కొన్నిచోట్ల తక్కువగా చేరుతుంది. ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపించే ఎముక వాస్తవంగా ఎంత బలమైనదో తేల్చి చెప్పిన పరీక్ష ఒకటి ఉంది. ఎముకలు గుల్లబారిన స్త్రీలకు ఫ్లోరైడ్ మందుగా పనికొస్తుందేమోనని అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 202 మందితో నాలుగేళ్లు పరీక్ష జరిపి, 1990లో ఫలితాలు ప్రకటించారు. ఫ్లోరైడ్ తీసుకున్న వారి నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, పైగా ఇతర ఎముకలు విరగడం పెరిగింది. మీ అబ్బాయి ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. ఎముక సాంద్రతను కొలిచే స్కాన్‌లో మీ మామగారికి మంచి అంకెలు వస్తే వాటిని చూసి నిశ్చింతగా ఉండకూడదన్నది కూడా దీని నుంచే గ్రహించాలి.

ఈ జబ్బు మీ ప్రాంతానికి కొత్తది కాదు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా మొదట గుర్తించి ప్రకటించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి తదితరులు ఆ పరిశోధన చేశారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులోకి వచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 2008–09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు తొలి దశకు ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు ఒకటి. రోగాన్ని గుర్తించి ఇన్ని దశాబ్దాలు గడిచినా మీ వంటి ఇళ్ల నుంచి ఇటువంటి ఉత్తరం రావడం నాకు బాధ కలిగించింది. అక్కడి నేల కింద ఉన్నది గట్టి రాయి, ఆ రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంది. వానలు తక్కువ కావడం వల్ల నీరు ఏళ్ల తరబడి ఆ రాతి పగుళ్లలో నిలిచి దాన్ని కరిగించుకుంటుంది. ఇది ఎవరూ కలిపిన కాలుష్యం కాదు, చూపుకూ వాసనకూ తెలియదు, నాలుకకూ తెలియదు.

అందుచేత మీరు మొదట చేయించవలసింది నీటి పరీక్ష. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో మీరు వాడే ప్రతి బోరు నీటినీ విడివిడిగా పరీక్ష చేయించండి, ఎందుకంటే పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఫ్లోరైడ్ వేరువేరుగా ఉండవచ్చు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగిన చోట ఎముకల మీద ప్రభావం కనిపిస్తుంది, 10 దాటితే మనిషి వంకరపోయే స్థితి రావచ్చు. నీళ్లు కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు, కొంత నీరు ఆవిరైపోవడం వల్ల దాని మోతాదు ఇంకా చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టర్ దానిని ఆపలేదు. ఆర్‌వో యంత్రం, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ ఆపగలవు, సరిగా నిర్వహిస్తేనే. సాగర్ కాలువ నీరు శుద్ధి చేసి సరఫరా అయ్యే వీలుంటే, లేదా శుభ్రమైన కప్పు మీది వాన నీటిని నిలవ చేసుకోగలిగితే, అవి అన్నిటికంటే మేలు.

చాలా ఇళ్లలో జరిగే ఒక పొరపాటు గురించి చెప్పాలి. తాగడానికి క్యాన్ నీళ్లు కొంటారు, అన్నం, పప్పు, సాంబారు మాత్రం బోరు నీటితోనే వండుతారు. బియ్యం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకున్న నీటిలోని ఫ్లోరైడ్ అంతా కంచంలోకే వస్తుంది. వంటకూ టీకీ కూడా మంచి నీళ్లే వాడాలి. స్నానానికీ బట్టలకూ బోరు నీళ్లు వాడుకోవచ్చు, చర్మం గుండా అది చెప్పుకోదగినంత లోపలికి పోదు. టీ ఆకులో సహజంగానే ఫ్లోరైడ్ ఎక్కువ, మీ మామగారు రోజుకు చాలాసార్లు టీ తాగే అలవాటున్నవారైతే ఒకటి రెండు సార్లకు తగ్గించమనండి.

ఆహారం విషయంలో, పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. మీ అబ్బాయి వయసు పిల్లలకు కూడా దాదాపు అంతే కావాలి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా, 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. మునగాకు, నువ్వులు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు మంచి వనరులు. తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి రోజూ కొంతసేపు చర్మానికి ఎండ తగలాలి. నిమ్మ, ఉసిరి, జామ వంటివి కూడా పెట్టండి. కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి తప్పనిసరి. కాల్షియం మాత్రలు మాత్రం మీకు మీరుగా వేయకండి, రక్త పరీక్షలు చూసి వైద్యులు నిర్ణయించాలి.

మీ పాప విషయంలో తొందరపడండి. శాశ్వత దంతాల పై పొర దాదాపు ఎనిమిదేళ్ల లోపే తయారవుతుంది, ఆ లోపు ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద సుద్ద రంగు మచ్చలు, తరువాత పసుపు, గోధుమ రంగు అడ్డచారలు వస్తాయి, అవి తోమితే పోవు. పైగా పెరిగే ఎముకలు పెద్దవారి ఎముకల కంటే ఎక్కువ ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుకుంటాయి. మీ అబ్బాయికి దంతాల గండం చాలావరకు దాటినా, అతని ఎముకలు పొడవు పెరిగే దశలో ఉన్నాయి. ఎముకల చివర్లలోని మృదులాస్థి పలకలు మూసుకునే వరకు ఆ పెరుగుదల సాగుతుంది, ఆ తరువాత కూడా ముప్పై ఏళ్ల ప్రాంతం వరకు ఎముక దిట్టపడుతుంది. పరుగు, కబడ్డీ, తాడాట వంటి ఆటలు ఆ దిట్టతనానికి తోడ్పడతాయి, చదువు పేరుతో వాటిని మాన్పించకండి.

ఇంట్లో అందరి చేతా మూడు పనులు చేయించి చూడండి: గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, మోకాళ్లు వంచకుండా కాలి వేళ్లను అందుకోవడం, రెండు చేతులనూ తల వెనుకకు పెట్టుకోవడం. ఏదైనా కొత్తగా కష్టమవుతుంటే అది ఫ్లోరోసిస్ అనే నిర్ధారణ కాదు గాని, వైద్యులకు చూపించడానికి తగిన కారణం.

ఇప్పటికే ఎముకగా మారిన సంధిబంధనాలను వెనక్కి మళ్లించే మందు లేదు. అయితే మంచి నీటికి మారిన తరువాత, మూత్రపిండాలు ఫ్లోరైడ్‌ను నెమ్మదిగా బయటికి పంపుతాయి. ఎముక ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది గనుక కొన్నేళ్లకు అందులోని ఫ్లోరైడ్ భారం తగ్గుతుంది, నొప్పి తగ్గి కదలిక కొంత మెరుగుపడే అవకాశం ఉంది. అందుకే మూత్రపిండాలను కాపాడుకోవడం చాలా అవసరం. నొప్పి మాత్రలు దుకాణంలో కొని నెలల తరబడి వేసుకుంటే దెబ్బతినేది అవే. ఫిజియోథెరపిస్టు నేర్పిన మెల్లని కదలికలు, చదునైన దారిలో నడక రోజూ సాగనివ్వండి. మెడ, నడుము బిగుసుకునే ఇతర కీళ్ల జబ్బులు కూడా ఉన్నాయి కాబట్టి, ఈసారి ఎముకల వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, బోరు నీటి పరీక్ష ఫలితం, ఆయన వాడుతున్న మాత్రలన్నీ వెంట తీసుకువెళ్లి, మూత్రంలో ఫ్లోరైడ్, రక్తంలో క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షలు అవసరమేమో అడగండి.